రక్తంలో చక్కెర తగ్గుదల – గుర్తింపు చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మధుమేహ చరిత్రను సాధారణంగా రక్తంలో చక్కెర పెరుగుదల చరిత్రగానే చెప్పుకుంటాం. దానికి మరోవైపున ఉన్న చక్కెర తగ్గుదల (హైపోగ్లైసీమియా) వైద్యుల దృష్టికి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1921–22లో ఇన్సులిన్ ప్రయోగాల నాటి నుంచి 2017లో ముజఫర్‌పూర్ అధ్యయనం వెలువడిన నాటి వరకు ఈ స్థితిని ఎవరు, ఏ ఆధారంతో గుర్తించారు, ఎలా నివారించారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. చికిత్స మెరుగుపడిన ప్రతి దశలోనూ చక్కెర తగ్గుదల రూపం మారిందనీ, అందువల్ల దాన్ని గుర్తించడం ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చిందనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: హైపోగ్లైసీమియా, ఇన్సులిన్, గ్లూకోజు, టొరంటో, విపుల్ త్రయం, సల్ఫొనైల్‌యూరియా, ముజఫర్‌పూర్.

1. ప్రవేశిక:
తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘షుగర్’ అన్నది ఒక పదార్థం పేరు కాదు, ఒక వ్యాధి పేరు. ‘ఆయనకు షుగర్ ఉంది’ అంటే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందనే అర్థం. అందువల్ల ‘షుగర్ తగ్గింది’ అన్న మాట వినగానే శుభవార్తగా తోస్తుంది. మందు వాడుతున్న వ్యక్తి విషయంలో అదే మాట ఒక్కొక్కసారి ప్రాణాపాయ సూచన. పెరుగుదల చేసే హాని సంవత్సరాల మీద కనిపిస్తుంది. తగ్గుదల చేసే హానికి కొన్ని నిమిషాలు చాలు. మెదడు తన పనికి ప్రధానంగా గ్లూకోజు మీద ఆధారపడుతుంది. దాన్ని చెప్పుకోదగినంతగా నిల్వ చేసుకోలేదు. సరఫరా తగ్గితే మొదట ఆలోచన తడబడుతుంది, తరువాత స్పృహ పోతుంది. అంటే ఈ స్థితి ముదిరేకొద్దీ దాన్ని గుర్తించవలసిన మనిషే గుర్తించే శక్తిని కోల్పోతాడు. దీని చరిత్రను ప్రత్యేకంగా పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. ఇన్సులిన్‌కు ముందు:
చరక, సుశ్రుత సంహితలు ‘మధుమేహం’ అన్న పేరుతో తీపి మూత్రాన్ని గుర్తించాయి. ఆ గుర్తింపుకు ఇంద్రియజ్ఞానం సరిపోయింది. చక్కెర తగ్గుదలకు అటువంటి బాహ్యచిహ్నం లేదు. చెమట, వణుకు, తడబాటు, మూర్ఛ వంటివి అనేక కారణాల వల్ల వస్తాయి. వాటి వెనుక రక్తంలోని చక్కెర ఉన్నదని తెలియాలంటే రెండు అవసరం: చక్కెరను కొలిచే సాధనం, చక్కెరను వేగంగా తగ్గించగల కారకం.

19వ శతాబ్దంలో క్లాడ్ బెర్నార్డ్ కాలేయం గ్లూకోజును నిల్వచేసి రక్తంలోకి విడుదల చేస్తుందని నిరూపించాడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మిన్‌కోవ్‌స్కీ, వాన్ మెరింగ్ క్లోమం తొలగించిన కుక్కకు మధుమేహం వస్తుందని చూపారు. 1920 నాటికి ఆటో ఫోలిన్, చైనా శాస్త్రవేత్త షియెన్ వూ రూపొందించిన రంగు పరీక్ష వంటి పద్ధతులు కొద్దిపాటి రక్తంతో చక్కెరను కొలిచే వీలు కల్పించాయి. హార్వర్డ్‌లో ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలోనే తరువాత మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వరం కొలత పద్ధతి కూడా ఈ రంగు పరీక్షల సంప్రదాయానికే చెందినది. 

అదే కాలంలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫ్రాంక్ మాన్ కుక్కల కాలేయాన్ని తొలగించి గమనించాడు. కొన్ని గంటలలో వాటి రక్తంలో చక్కెర పడిపోయింది. అవి నీరసించి, స్పృహ తప్పాయి. గ్లూకోజు ఎక్కించగానే లేచి నిలబడ్డాయి. చక్కెర లోపమే ఈ లక్షణాలకు కారణమని చెప్పిన స్పష్టమైన ప్రయోగాల్లో ఇది ఒకటి.

3. టొరంటో – కుందేళ్ల నుంచి రోగుల దాకా:
1921 మేలో టొరంటో విశ్వవిద్యాలయంలో మాక్లియడ్ ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ క్లోమం సారంపై పని ప్రారంభించారు. ఆ సంవత్సరం చివరిలో జీవరసాయన శాస్త్రవేత్త కాలిప్ వారితో చేరాడు. సారం బలాన్ని పరీక్షించడానికి ప్రతిసారీ కుక్క క్లోమం తొలగించనవసరం లేదనీ, ఆరోగ్యంగా ఉన్న కుందేలులో కూడా అది చక్కెరను తగ్గిస్తుందనీ కాలిప్ గమనించాడు. అయితే సారం ఎక్కువైన కుందేళ్లకు ఈడ్పులు వచ్చి, స్పృహ తప్పేది. గ్లూకోజు ఇస్తే అవి కోలుకునేవి. అంటే ఇన్సులిన్ మనిషికి మందుగా స్థిరపడకముందే దాని ప్రమాదమూ, ఆ ప్రమాదానికి విరుగుడూ రెండూ ప్రయోగశాలలో కనిపించాయి.

1922 జనవరి 11న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూదిమందు ఇచ్చారు. ఫలితం అంతంతమాత్రం. కాలిప్ శుద్ధిచేసిన సారంతో జనవరి 23న తిరిగి ప్రారంభించినప్పుడు చక్కెర 520 నుంచి 120 మిల్లీగ్రాములకు దిగింది (ఈ వ్యాసంలోని చక్కెర అంకెలన్నీ డెసిలీటరు, అంటే 100 మిల్లీలీటర్ల, రక్తానికి మిల్లీగ్రాములలో). వైద్యచరిత్రకారులు ఎక్కువగా ఈ ఘట్టం దగ్గరే ఆగుతారు. కానీ అదే ఏడాది టొరంటో వైద్యులు ఆల్మన్ ఫ్లెచర్, వాల్టర్ కాంప్‌బెల్ చేసిన పని కూడా అంతే ముఖ్యమైనది. ఇన్సులిన్ తీసుకున్న రోగులలో కనిపించిన ఆకలి, వణుకు, ఆందోళన, చెమటలు, మాట తడబాటు, దిక్కుతెలియని స్థితి, మగత వంటి లక్షణాలను వారు రక్తంలోని చక్కెర అంకెలతో జతపరిచారు. తొలి లక్షణాలు సుమారు 70 దగ్గర మొదలవుతాయనీ, 50 కంటే దిగితే మానసిక లక్షణాలు తీవ్రమవుతాయనీ వారి పరిశీలన సారాంశం. ఒక శతాబ్దం తరువాత నేటి ప్రమాణాలు కూడా దాదాపు ఆ అంకెల చుట్టూనే తిరుగుతుండడం గమనించదగిన విషయం.

విరుగుడుగా నారింజరసం, చక్కెర, అవసరమైతే గ్లూకోజు సూదిమందు వాడుకలోకి వచ్చాయి. అప్పటివరకు మధుమేహ రోగికి తీపి నిషిద్ధం. ఇన్సులిన్ వచ్చిన తరువాత అదే రోగిని జేబులో తీపి పెట్టుకు తిరగమని వైద్యుడు చెప్పవలసి వచ్చింది. ఈ వైరుద్ధ్యం నేటికీ అనేక కుటుంబాలను అయోమయంలో పడవేస్తూనే ఉంది.

4. యూనిట్ పుట్టుక:
ఇన్సులిన్‌ను బరువుతో కొలవడం మొదట సాధ్యం కాలేదు. సారం ఎంత శుద్ధమైనదో తెలియదు గనుక దాని బలాన్ని ప్రభావంతోనే కొలవవలసి వచ్చింది. ఒక రోజంతా ఆహారం లేకుండా ఉంచిన 2 కిలోల కుందేలులో చక్కెరను 45కు, అంటే ఈడ్పులు వచ్చే స్థాయికి, దించగల మోతాదును ప్రమాణంగా తీసుకున్నారు. రోగులకు అది ఎక్కువ కావడంతో అందులో మూడోవంతును యూనిట్‌గా నిర్ణయించారు. ఎలుకలకు ఈడ్పులు వస్తాయా లేదా అన్నదాన్ని బట్టి ఇన్సులిన్ బలాన్ని నిర్ణయించే పరీక్ష దశాబ్దాల పాటు కొనసాగింది. నేడు రోగి సిరంజి మీద చూసే ‘యూనిట్’ చక్కెర తగ్గుదలను కొలబద్దగా చేసుకుని పుట్టినదే.

ఈ యూనిట్ చరిత్ర భారతదేశంలో ఇంకా ముగియలేదు. అనేక దేశాలు మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్‌కు మారినా, మన దేశంలో 40 యూనిట్ల సీసాలూ వాడుకలో ఉన్నాయి. 40 యూనిట్ల సిరంజికి ఎర్రమూత, 100 యూనిట్ల సిరంజికి నారింజరంగు మూత ఉంటాయి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజితో తీసుకుంటే శరీరంలోకి రెండున్నర రెట్లు మోతాదు వెళ్తుంది. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

5. విపుల్ త్రయం:
1924లో అమెరికాలోని అలబామాకు చెందిన సీల్ హారిస్ ఇన్సులిన్ తీసుకోని వారిలోనూ ఇవే లక్షణాలు ఉండవచ్చని ప్రతిపాదించాడు. శరీరమే అవసరానికి మించి ఇన్సులిన్ తయారుచేయవచ్చన్నది అతని ఊహ. 1927లో మేయో క్లినిక్‌లో ఒక రోగికి శస్త్రచికిత్స చేసినప్పుడు కాలేయానికి పాకిన క్లోమం కణితి కనిపించింది. రసెల్ వైల్డర్ బృందం ఆ కణితి సారం కుందేళ్లలో చక్కెరను తగ్గిస్తుందని చూపింది. 1929లో టొరంటోలో రాస్కో గ్రాహం అటువంటి కణితిని తొలగించి రోగిని స్వస్థపరిచాడు.

దీనితో కొత్త సమస్య తలెత్తింది. నీరసం, దడ ఉన్న ప్రతివారినీ శస్త్రచికిత్సకు పంపే ప్రమాదం ఏర్పడింది. న్యూయార్క్ శస్త్రవైద్యుడు ఆలెన్ విపుల్ 1930లలో మూడు షరతులు విధించాడు. ఒకటి, లక్షణాలు ఉండాలి. రెండు, ఆ సమయంలో చక్కెర తక్కువగా ఉన్నట్లు కొలతలో తేలాలి. మూడు, గ్లూకోజు ఇవ్వగానే లక్షణాలు తగ్గాలి. ‘విపుల్ త్రయం’గా పేరొందిన ఈ సూత్రం కణితుల కోసం రూపొందినా, చక్కెర తగ్గుదలను నిర్ధారించడానికి నేటికీ ఆధారం. లక్షణం, కొలత, గ్లూకోజుకు స్పందన అన్న ఈ మూడింటిలో ఏది లోపించినా నిర్ధారణ దారితప్పుతుందని తరువాతి చరిత్ర నిరూపిస్తుంది.

6. ప్రమాదమే చికిత్సగా మారిన కాలం:
1933లో వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ స్కిజోఫ్రీనియా రోగులకు అధిక మోతాదులో ఇన్సులిన్ ఇచ్చి, కావాలనే స్పృహ తప్పించి, తరువాత గ్లూకోజుతో మేల్కొలిపే పద్ధతిని ప్రచారం చేశాడు. అది అనేక దేశాల మానసిక వైద్యశాలలకు వ్యాపించింది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన గణితవేత్త జాన్ నాష్ కూడా 1961లో ఈ చికిత్స పొందాడు. కొందరు రోగులు తిరిగి మేల్కొనలేదు. 1953లో బ్రిటిష్ వైద్యుడు హెరాల్డ్ బోర్న్ దీన్ని ‘ఇన్సులిన్ భ్రమ’గా విమర్శించాడు. 1957లో ఆక్నర్ బృందం ఒక వర్గానికి ఇన్సులిన్‌తో, మరొక వర్గానికి వేరే మందుతో స్పృహ తప్పించి పోల్చింది. ఫలితాలలో తేడా లేదని తేలింది. రోగికి మేలు చేసింది ఇన్సులిన్ కాదని అర్థమైంది. చక్కెర తగ్గుదల లక్షణాలు వైద్యులకు బాగా తెలిసిన తరువాత కూడా మెదడుకు అది చేసే హానిని వారు తక్కువగా అంచనా వేశారనడానికి ఈ ఘట్టం నిదర్శనం.

7. మారిన లక్షణాలు – లారెన్స్ పరిశీలన:
1924లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ బృందం చక్కెర పడిపోయినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుందని నిరూపించింది. వణుకు, గుండెదడ ఆ అడ్రినలిన్ పనులు. చెమటలు కూడా ఆ సమయంలో నాడీవ్యవస్థ స్పందనలో భాగమే. ఇవి బాధ కలిగించినా, రోగిని హెచ్చరిస్తాయి.

1936లో ప్రొటమిన్ కలిపిన దీర్ఘకాలిక ఇన్సులిన్ వాడుకలోకి వచ్చింది. రోజుకు అనేక సూదిమందుల బాధ తగ్గింది. కానీ చక్కెర నెమ్మదిగా, తరచు రాత్రివేళ, పడిపోవడం మొదలైంది. చెమట, వణుకు లేకుండానే తలనొప్పి, మందకొడితనం, ప్రవర్తనలో మార్పు కనిపించేవి. లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్ తానే మధుమేహ రోగి. 1923 నుంచి ఇన్సులిన్ మీద జీవించినవాడు. ఇన్సులిన్ వాడకం ఏళ్లు గడిచేకొద్దీ రోగులలో తొలి హెచ్చరికలు మారిపోతాయనీ, కొందరిలో అవి లేకుండానే తికమక స్థితి వస్తుందనీ 1941లో ఆయన రాశాడు. అనుభవం పెరిగేకొద్దీ గుర్తింపు సులభం కావలసింది పోయి కష్టం కావడం ఈ స్థితి ప్రత్యేకత.

8. మాత్రలు తెచ్చిన ప్రమాదం:
1942లో ఫ్రాన్స్‌లోని మాంపెల్యేలో మార్సెల్ జాంబాన్ టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందును పరీక్షిస్తుండగా కొందరికి ఈడ్పులు వచ్చాయి, కొందరు మరణించారు. కారణం చక్కెర తగ్గుదలని తేలింది. ఆగస్త్ లూబాత్యేర్ కుక్కలపై ప్రయోగాలు చేసి, ఆ మందు క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుందని చూపాడు. ఆ దుర్ఘటన నుంచే 1950లలో సల్ఫొనైల్‌యూరియా మాత్రలు పుట్టాయి. 

సూదిమందు వాడే రోగికి, అతని కుటుంబానికి ప్రమాదం గురించి కొంత తెలుసు. మాత్ర వేసుకునే వారిలో ఆ జాగ్రత్త తక్కువ. గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రల ప్రభావం వృద్ధులలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఒక రోజుకు మించి కూడా నిలవవచ్చు. చక్కెర నీళ్లు తాగి కోలుకున్న మనిషి కొన్ని గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు. అందుకే వీరిని ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలన్నది నియమం.

9. కొలత ఇంటికి చేరడం:
1960లలో ఒక్క రక్తపుచుక్కతో రంగు మారే పట్టీలు, 1970 ప్రాంతంలో ఆ రంగును చదివే యంత్రం వచ్చాయి. 1970ల చివరికి రోగి ఇంట్లోనే కొలుచుకోవచ్చని నిరూపితమైంది. విపుల్ చెప్పిన రెండో షరతు ఆసుపత్రి గోడలు దాటింది. 

ఈ సాధనం చేతికి రావడంతో చక్కెరను ఇంకా గట్టిగా అదుపుచేయాలన్న ఆశయం బలపడింది. అమెరికా, కెనడాలలో 1441 మందితో జరిగిన డి.సి.సి.టి. అధ్యయనం 1993లో ఫలితాలు ప్రకటించింది. గట్టి అదుపు వల్ల కన్ను, మూత్రపిండం, నాడుల జబ్బులు బాగా తగ్గాయి. అదే సమయంలో తీవ్రమైన చక్కెర తగ్గుదల సుమారు మూడు రెట్లు పెరిగింది. 10,251 మందితో సాగిన అకార్డ్ అధ్యయనంలో గట్టి అదుపు వర్గంలో మరణాలు ఎక్కువ కావడంతో 2008లో ఆ విభాగాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు చక్కెర తగ్గుదలే కారణమని నిరూపణ కాలేదు. అయినా అందరికీ ఒకే లక్ష్యం తగదన్న అభిప్రాయం దానితో బలపడింది.

ఈ కాలంలోనే ఫిలిప్ క్రయర్ పరిశోధనలు లారెన్స్ పరిశీలనకు వివరణ ఇచ్చాయి. ఒకసారి చక్కెర పడిపోతే, తరువాతిసారి శరీరం ఇచ్చే హెచ్చరిక బలహీనపడుతుంది. అది మరొక పతనానికి దారితీస్తుంది. కొన్ని వారాల పాటు తగ్గుదల రాకుండా జాగ్రత్తపడితే హెచ్చరికలు చాలావరకు తిరిగి వస్తాయని 1990లలో నిరూపితమైంది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం 70ని జాగ్రత్తపడవలసిన స్థాయిగా, 54 కంటే తక్కువను తీవ్రంగా పరిగణించవలసిన స్థాయిగా సూచించింది. అంకె ఏదైనా, కోలుకోవడానికి ఇతరుల సాయం అవసరమైతే దాన్ని తీవ్రస్థితిగా లెక్కించాలి.

10. ముజఫర్‌పూర్ – కొలత లేని చోట:
మధుమేహంతో సంబంధం లేని ఒక భారతీయ ఉదాహరణ ఈ చరిత్రకు కీలకం. బీహార్‌లోని ముజఫర్‌పూర్ ప్రాంతంలో 1995 నుంచి ప్రతి వేసవిలో చిన్నపిల్లలు తెల్లవారుజామున ఈడ్పులతో స్పృహ తప్పేవారు. చాలామంది చనిపోయేవారు. మెదడువాపుగా భావించి వైరస్ కోసం వెతికారు. జమైకాలో ఆకీ పండు వల్ల వచ్చే ఇటువంటి జబ్బు వెనుక హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉన్నదని 1950లలోనే తెలుసు. లీచీ అదే కుటుంబానికి చెందిన పండు.

2014లో జరిపిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఆసుపత్రులలో చేరిన 390 మంది పిల్లలలో 122 మంది మరణించారు. చక్కెర పరీక్ష ఫలితం ఉన్న 327 మందిలో 204 మందికి అది 70 లేదా అంతకంటే తక్కువ. లీచీలోని రెండు పదార్థాలు ఉపవాస సమయంలో కొవ్వు నుంచి శక్తిని, కొత్త గ్లూకోజును తయారుచేసుకోనీయవు. రాత్రి భోజనం లేని బిడ్డకు కాలేయంలో నిల్వ ఉండదు. పగలు తోటలో పండ్లు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు ప్రమాదం ఎక్కువని తేలింది. పిల్లలకు రాత్రి భోజనం పెట్టాలనీ, జబ్బుపడ్డ బిడ్డకు వెంటనే గ్లూకోజు ఇవ్వాలనీ పరిశోధకులు సూచించారు. లీచీ పాత్ర ఎంత అన్నదానిపై నిపుణులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తక్షణ గ్లూకోజు అవసరమన్న విషయంలో మాత్రం సందేహానికి తావులేదు. 2019 వేసవిలో అక్కడ మళ్లీ వందకు పైగా పిల్లలు మరణించారు. తెలిసిన విషయం ఊరి చివరి ఆరోగ్యకేంద్రం దాకా చేరకపోతే ఏమవుతుందో ఇది చెబుతుంది.

11. చరిత్ర నుంచి ఆచరణకు:
పై చరిత్ర నుంచి నేటి నియమాలకు కారణాలు తెలుస్తాయి. మందు వాడే వ్యక్తికి హఠాత్తుగా చెమటలు, వణుకు, ఆకలి, దడ, చికాకు, మాట తడబాటు వస్తే వెంటనే చక్కెర కొలవాలి. కొలిచే వీలు లేకపోతే తగ్గిందనే భావించి గ్లూకోజు ఇవ్వాలి. కొద్దిసేపు చక్కెర పెరిగితే వచ్చే నష్టం స్వల్పం, ఆలస్యం వల్ల వచ్చే నష్టం అపారం. స్పృహ ఉన్నవారికి సుమారు 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ కొలవాలి. ఇంకా 70 కంటే తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వాలి. కోలుకున్నాక భోజనం పెట్టాలి. చాక్లెట్, నేతిమిఠాయి వంటివి పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలో చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వేసుకునేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. 

స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేయాలి. గ్లూకగాన్ సూదిమందు అందుబాటులో ఉంటే ఇవ్వాలి. ఆసుపత్రిలో గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తారు. రక్తపోటుకు, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ మందులు దడ, వణుకులను కప్పిపుచ్చవచ్చు. చెమట మాత్రం సాధారణంగా పడుతుంది గనుక దాన్ని గమనించాలి. ఒక్కపొద్దు, రంజాన్ ఉపవాసం, జ్వరం, వాంతులు ఉన్న రోజులలో మోతాదు గురించి వైద్యుని ముందుగానే అడగాలి. భోజనం మానివేసి మాత్ర మాత్రం మానకుండా వేసుకునే అలవాటు అత్యంత ప్రమాదకరం.

12. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. చక్కెర తగ్గుదల వైద్యశాస్త్రానికి స్పష్టంగా పరిచయమైంది ప్రధానంగా ఇన్సులిన్‌తోనే. మందు, ప్రమాదం, విరుగుడు మూడూ ఒకే ప్రయోగశాలలో, ఒకే కాలంలో తెలిశాయి.
2. దీర్ఘకాలిక ఇన్సులిన్, మాత్రలు, గట్టి అదుపు అనే ప్రతి ముందడుగూ ఈ స్థితి లక్షణాలనో, సమయాన్నో, బాధితులనో మార్చింది. పాత గుర్తులతో కొత్త ప్రమాదాన్ని పట్టుకోవడం సాధ్యం కాలేదు.
3. లక్షణం, కొలత, స్పందన అన్న విపుల్ త్రయంలో కొలత లోపించడం ముజఫర్‌పూర్‌లో వ్యాధి స్వరూపాన్ని దాదాపు రెండు దశాబ్దాల పాటు మరుగుపరిచింది.
4. రోగి స్వయంగా గుర్తించలేని దశ ఈ స్థితిలో తప్పక వస్తుంది. కాబట్టి గుర్తించే జ్ఞానం ఇంట్లోవారికీ, తోటి ఉద్యోగులకూ, బడిలో ఉపాధ్యాయులకూ ఉండాలి.

‘షుగర్ ఎంత ఉంది?’ అని అడిగేటప్పుడు మన మనసులో ఉండేది ఎక్కువైందా అన్న ఒక్క ప్రశ్నే. తగ్గిందా అన్న రెండో ప్రశ్న కూడా అంతే సహజంగా మన ఇళ్లలో వినిపించాలి. వైద్యులు నూరేళ్లలో నేర్చుకున్న పాఠం అప్పుడే సామాన్యుని చేతికి అందినట్లు.